మా వీధికి వచ్చే బౌద్ధ భిక్షువుకు అన్నం పెట్టడం గురించి

ప్రశ్న (విద్యారణ్యపుర, బెంగళూరు నుంచి ఒక గృహిణి)

అందరికీ నమస్కారం. మేము కడప జిల్లా నుంచి వచ్చి 14 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. ఇంట్లో మా వారు, ఇద్దరు పిల్లలు, మామగారు, నేను ఉంటాము. మా అత్తగారు పోయి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది.

మా పక్క వీధిలో ఒక ఇంటి పై అంతస్తులో ఇద్దరు బౌద్ధ భిక్షువులు కొన్ని వారాలుగా ఉంటున్నారు. పెద్దాయనకు ఇక్కడ కంటి వైద్యం జరుగుతోందని, చిన్నాయన ఆయనకు తోడుగా అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చారని ఆ ఇంటివారు చెప్పారు. ఈ చిన్నాయన రోజూ ఉదయం ఏడున్నర ప్రాంతంలో కాళ్లకు చెప్పులు లేకుండా, నల్లని భిక్షాపాత్ర పట్టుకొని, మా వీధిలో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నడుస్తారు. ప్రతి గుమ్మం ముందూ కాసేపు నిలబడతారు. పిలవరు, గంట నొక్కరు, ఏమీ అడగరు. ఎవరూ బయటికి రాకపోతే తర్వాతి ఇంటికి వెళ్తారు.

మొన్న సోమవారం నేను వాకిలి కడుగుతుండగా ఆయన వచ్చి, మా అత్తగారు గేటు పక్కన నాటిన కరివేపాకు చెట్టు దగ్గర నిలబడ్డారు. నేను లోపలికి వెళ్లి అప్పుడే దించిన ఉప్మా తెచ్చి పాత్రలో పెట్టాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు. పాత్రలోకే చూస్తూ తీసుకొని, మెల్లగా ఏవో రెండు పాదాలు చదివి, కదిలిపోయారు. నాకు చెప్పలేని తృప్తి కలిగింది, ఆ వెంటనే ఏదైనా తప్పు చేశానేమోనన్న భయమూ కలిగింది.

మా మామగారు చూసి నొచ్చుకున్నారు. పాతికేళ్ల ఒంట్లో బలం ఉన్న మనిషికి కష్టపడకుండా తిండి పెట్టడం మంచిది కాదని, వేదాన్ని అంగీకరించని మతం వారికి మన ఇంటి అన్నం పెట్టడం, అందులోనూ ఏడాది తిరగని ఇంట్లో, సబబు కాదని, వారిలో చాలామంది మాంసం తింటారని అన్నారు. ఆయన చేయి దాచుకొనే మనిషి కారు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ధనుర్మాసంలో హరిదాసు పాత్రలో బియ్యం పోయకుండా పంపిన రోజు లేదు. అందువల్ల ఆయన మాటను కాదని ముందుకు వెళ్లలేకపోతున్నాను.

భిక్షువుకు అన్నం పెట్టడం సరైనదేనా? పెడితే ఎలా పెట్టాలి? ఇంకొకటి కూడా అడగాలి. మా అత్తగారు ఇంటికి వచ్చినవారిని ఏదో ఒకటి తినకుండా పంపేవారు కాదు. ఆవిడ పేరు మీద ఈయనకు ఒక పూట పెట్టాలని నా మనసులో ఉంది. పోయినవారి పేరు మీద ఇవ్వడం వారి ధర్మంలో ఉన్నదా? తెలిసినవారు చెప్పగలరు.


మొదటి సమాధానం (రాజాజీనగర్ నుంచి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

అమ్మా, గాంధీనగర్‌లో ఆచార్య బుద్ధరక్షిత 1956లో స్థాపించిన మహాబోధి సొసైటీ విహారానికి నేను పౌర్ణమి రోజుల్లో ఇరవై ఏళ్లకు పైగా వెళ్తున్నాను. భిక్షువులకు భోజనం వండి తీసుకువెళ్లి పెట్టిన అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా, ఆయన మీ ముఖం చూడకపోవడం గర్వం వల్ల కాదు. థేరవాద (శ్రీలంక, థాయ్‌లాండ్ వంటి దేశాల్లో ఉన్న బౌద్ధ శాఖ) భిక్షువులు పాటించే 227 నియమాలలో 75 కేవలం నడవడికకు సంబంధించినవి. భిక్ష తీసుకునేటప్పుడు చూపు పాత్ర మీదే ఉండాలని, కూర అన్నానికి తగినంతే తీసుకోవాలని, పాత్ర అంచుకు మించి నింపించుకోకూడదని వాటిలోనే ఉంది. ధన్యవాదాలు చెప్పకపోవడం కూడా అటువంటిదే. మీరు పెట్టినది ఆయన మీద ఉపకారంగా లెక్కకు రాదు. అది మీరు చేసిన ఒక మంచి పని, దానిని చూసి తాను సంతోషించానని తెలుపుతూ ఆయన చదివిన ఆ పాదాలనే అనుమోదన అంటారు. పెద్దలను గౌరవించేవారికి ఆయువు, వర్ణం, సుఖం, బలం వృద్ధి చెందుతాయని చెప్పే గాథను ఎక్కువగా చదువుతారు.

ఎలా పెట్టాలన్నది మనవాళ్లు తెలియక పొరపడే చోటు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన ఇళ్లలో స్వయంపాకం ఇస్తాము, అంటే బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు విస్తరిలో పెట్టి దక్షిణతో సహా చేతికి అందిస్తాము. అది పెద్దమనసుతో చేసే పనే, కాని ఈ భిక్షువుకు అందులో ఒక్కటీ పనికిరాదు. ఆయన వండని ధాన్యం స్వీకరించకూడదు, తాను వండుకోకూడదు, డబ్బు తీసుకోకూడదు, అన్నాన్ని మరుసటి రోజుకు దాచుకోకూడదు. తెల్లవారిన తర్వాత తీసుకున్నది సూర్యుడు నడినెత్తి దాటేలోగా తినాలి, ఆ తర్వాత మళ్లీ తెల్లవారే వరకు ఘనాహారం లేదు. బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారం పన్నెండు దాటిన కొన్ని నిమిషాలకే అయినా, మేము పదకొండున్నరకు ముందే వడ్డన పూర్తి చేస్తాము. మనం పెట్టేదాన్ని చేతితో అందించాలి లేదా పాత్రలో వేయాలి. బల్ల మీద ఉంచి 'తీసుకోండి' అంటే అది ఇచ్చినట్లు కాదు, ఆయన తీసుకోరు. పాత్రలో వేయడానికి స్త్రీలకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే మీరు ఒంటరిగా ఉన్నప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టవద్దు, అది ఆయన నియమానికి ఇబ్బంది కలిగిస్తుంది. గుమ్మం దగ్గర, వీలైతే చెప్పులు విడిచి, పెట్టండి.

పండ్లలో ఒక చిన్న విశేషం ఉంది. మొలకెత్తే గింజ ఉన్న పండును భిక్షువు తనంతట తాను తినరు. గృహస్థుడు కత్తితో చిన్న గాటు పెట్టి 'కప్పియం భంతే' అని అంటాడు, అంటే ఇది మీరు తినదగినదని. బొప్పాయి, దానిమ్మ, జామ ముక్కలు కోసి గింజలు తీసి ఇస్తే ఆ చిక్కు ఉండదు. మిఠాయిలు తగ్గించండి. అందరూ భక్తితో తీపి పదార్థాలే పెట్టడం వల్ల థాయ్‌లాండ్‌లో భిక్షువుల ఆరోగ్యం దెబ్బతింటోందని అక్కడి వైద్యులే హెచ్చరిస్తున్నారు.

మాంసం విషయానికి వస్తే, మీ మామగారు చెప్పినది అబద్ధం కాదు. జంతువును తన కోసం చంపడం చూసినా, తన కోసం చంపారని విన్నా, అటువంటి అనుమానం కలిగినా ఆ మాంసాన్ని భిక్షువు తినకూడదని, ఆ మూడూ లేకపోతే భిక్షలో వచ్చినదాన్ని తినవచ్చని జీవక సూత్రంలో బుద్ధుడు చెప్పాడు. భిక్షువులందరూ శాకాహారమే తినాలన్న నియమం పెట్టమని శిష్యుడైన దేవదత్తుడు పట్టుబట్టినా ఒప్పుకోలేదు. పెట్టినది తినేవాడు వంటకాన్ని ఎంచుకోకూడదన్నది అందులోని ఆంతర్యమని నేను అనుకుంటాను. మీ ఇంట్లో పప్పన్నం పెడితే ఆయన తినేది పప్పన్నమే. చైనా, వియత్నాం సంప్రదాయాల వారు పూర్తి శాకాహారులు, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. బైలకుప్పె నుంచి బెంగళూరుకు వచ్చే టిబెటన్ భిక్షువులు సాధారణంగా ఇలా వీధుల్లో భిక్షకు తిరగరు, వారి వంట మఠంలోనే జరుగుతుంది. కాబట్టి ఎర్రని వస్త్రం కనిపించగానే ఒకే పద్ధతి వర్తించదు.

పెద్దాయన జబ్బుతో ఉన్నారన్నారు. భిక్షువు బంధువులను, లేదా 'మీకు కావలసినది అడగండి' అని ముందుగా మాట ఇచ్చినవారిని తప్ప ఇతరులను నోరు తెరిచి అడగరాదు. జబ్బుపడితే కొంత వెసులుబాటు ఉంటుంది గాని చాలామంది అప్పుడూ అడగరు. మీకు ఇష్టమైతే ఆ మాట మీరే ఇవ్వండి, దానిని పవారణ అంటారు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మాత్రం అనారోగ్యంలో ఏడు రోజుల దాకా ఉంచుకొని వాడుకోవచ్చు, కాబట్టి ఒక చిన్న తేనె సీసా కూడా ఉపయోగపడుతుంది.


రెండవ సమాధానం (మారతహళ్లి నుంచి)

ప్రశ్న అడిగిన సోదరి మనసును నొప్పించడం నా ఉద్దేశం కాదు, కాని మీ మామగారి మొదటి అభ్యంతరానికి పై సమాధానంలో జవాబు లేదు. అన్నం ఆకలిగా ఉన్నవాడికి పెట్టాలి. నేను, నా మిత్రులు నలుగురు ప్రతి ఆదివారం వర్తూరు వైపు భవన నిర్మాణ కూలీల పిల్లలకు వండి తీసుకువెళ్తాము. రాయచూరు నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు రేకుల గుడిసెల్లో ఉంటారు. తల్లి పనికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఏమీ తినని నాలుగేళ్ల పిల్లలను నేను చూశాను. వారిలో ఎవరూ నియమాలు పెట్టరు, గింజలు తీసి ఇవ్వమనరు. తన ఇష్టంతో సంసారాన్ని వదులుకున్న ఆరోగ్యవంతుడికీ, ఏ ఎంపికా లేని ఈ పిల్లలకూ మధ్య నేను ఎవరిని ఎంచుకోవాలో నాకు సందేహం లేదు.

మరొక సంగతి. మెజెస్టిక్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా కాషాయం కట్టుకున్న ఒక వ్యక్తి నా చేతికి దారం కట్టి, బుద్ధుడి బొమ్మ ఉన్న చిన్న బిళ్ల చేతిలో పెట్టి, 500 రూపాయలు ఇస్తే గాని కదలనన్నాడు. పక్కన మా అమ్మ ఉండడంతో గొడవ ఎందుకని ఇచ్చాను. ఆ రోజు నుంచి వస్త్రాన్ని చూసి నమ్మడం మానేశాను. పుణ్యం వస్తుందన్న ఆశతో పెట్టే అన్నం కూడా ఒక రకమైన లావాదేవీయేనని, అది పెట్టేవాడికి గాని తినేవాడికి గాని మేలు చేయదని నా నమ్మకం.


మూడవ సమాధానం (మల్లేశ్వరం నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని)

పై సోదరుడు అడిగిన ప్రశ్ననే బుద్ధుణ్ణి ముఖాముఖిగా ఒక రైతు అడిగాడు. మగధలో ఏకనాళ అనే గ్రామంలో కసి భారద్వాజుడనే బ్రాహ్మణ రైతు విత్తనాల వేళ పొలంలో కూలీలకు అన్నం పెట్టిస్తున్నాడు. బుద్ధుడు పాత్రతో వచ్చి నిలబడగా, 'నేను దున్నుతాను, విత్తుతాను, ఆ తర్వాతే తింటాను. నువ్వూ దున్ని, విత్తి తిను' అన్నాడు. తనదీ సేద్యమేనని, శ్రద్ధ తన విత్తనమని, ప్రజ్ఞ తన కాడీ నాగలీ అని బుద్ధుడు బదులిచ్చాడు. ఆ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమని తోచేది దాని తర్వాత జరిగినది. రైతు ఆ మాటలకు కరిగి, పెద్ద కంచు పాత్ర నిండా పాయసం తెచ్చి ఇవ్వబోతే బుద్ధుడు తీసుకోలేదు. గాథలు చెప్పినందుకు వచ్చిన భోజనం తాను తినదగినది కాదన్నాడు.

అంటే భిక్ష కూలి కాదు, ఉపదేశానికి రుసుము కాదు. ఆకలిగొన్నవాడి మీద జాలితో వేసే పిడికెడు మెతుకులూ కాదు. వర్తూరు పిల్లలకు మీరు పెట్టే అన్నం వారి అవసరం తీర్చడానికి పెట్టేది, అది మానకూడదు, దానికి ఇది పోటీ కాదు. భిక్షువుకు పెట్టే అన్నం మాత్రం ఒక జీవన విధానం నిలవడానికి పెట్టేది. వండుకోవద్దు, దాచుకోవద్దు, డబ్బు ముట్టవద్దు అన్న నియమాలను ఆయనకు సుఖం కోసం పెట్టలేదు. అవి ఉన్నందువల్లనే ఆయన అడవిలోకి పోయి లోకంతో సంబంధం తెంచుకోలేరు. తెల్లవారితే మీ వీధికి రావలసిందే, మీ ఇష్టానికి లోబడి నిలబడవలసిందే. ఆయన నడవడి మీకు నచ్చకపోతే మీరు తలుపు తెరవరు. ఇంతకన్నా పెద్ద అదుపు గృహస్థుల చేతిలో ఇంకేమి ఉంటుంది? మెజెస్టిక్‌లో దారం కట్టి డబ్బు గుంజిన వ్యక్తి ఈ అదుపులో లేనివాడు. అతడు అడిగాడు, అమ్మాడు, డబ్బు పట్టుకున్నాడు. ఈ అమ్మ వీధికి వచ్చే భిక్షువు ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ఇది మనకు పరాయి పద్ధతి అనుకోవడం కూడా సరికాదు. వారాలు చేసుకొని, మధూకరం ఎత్తుకొని చదువుకున్న మన తాతల తరం వారు ఎందరో ఉన్నారు. మధుకరం అంటే తేనెటీగ. ధమ్మపదంలో కూడా అదే పోలిక ఉంది: పువ్వు రంగును, వాసనను చెడగొట్టకుండా తుమ్మెద తేనె తీసుకుపోయినట్లు ముని గ్రామంలో సంచరించాలని. ఏ ఇంటి మీదా బరువు వేయకుండా ఇంటికొక పిడికెడు తీసుకొనే ఆ భావం రెండు చోట్లా ఒక్కటే. మీ మామగారికి హరిదాసు గుర్తుండే ఉంటాడు. నెత్తి మీది అక్షయపాత్రను దించకుండా వంగి బియ్యం పోయించుకొని, ఇంటివారితో కబుర్లు ఆడకుండా సాగిపోయే ఆ మనిషిని ఎవరూ సోమరి అనలేదు.

ఇక తెలుగు నేల సంగతి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక (గృహస్థ భక్తురాలు) సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం (బౌద్ధ పూజా మందిరం) కట్టించినట్లు శాసనం ఉంది. విశాఖపట్నం దగ్గర తొట్లకొండ మీద భిక్షువుల వంటశాల, భోజనశాల పునాదులను నేను మా విద్యార్థులతో వెళ్లి చూశాను. ఆ కొండ మీద ఏమీ పండదు. అక్కడికి చేరిన ప్రతి గింజా కింద ఉన్న ఊళ్ల నుంచి ఎక్కినదే. మన పూర్వికుల ఇళ్లలోని ఆడవాళ్లు ఈ పనిని ఎన్నో తరాలు చేశారు.

పోయినవారి పేరు మీద ఇవ్వడం తప్పకుండా ఉంది. తిరోకుడ్డ సూత్రంలో పోయిన బంధువులు గోడల వెనక, గుమ్మాల పక్కన నిలబడి తమవారు తమను తలచుకుంటారేమోనని ఎదురు చూస్తారని, వారి పేరు మీద భిక్షు సంఘానికి అన్నపానాలు ఇస్తే ఆ మేలు వారికి చేరుతుందని చెబుతారు. నిండిన నదులు సముద్రాన్ని నింపినట్లు, ఇక్కడ ఇచ్చినది అక్కడివారికి అందాలని గాథ చదువుతుండగా గృహస్థులు చెంబుతో నీటిని ధారగా పోస్తారు. మన దానాలలో ధారపోయడం, తర్పణాలు విడవడం తెలిసిన మీ మామగారికి ఇది చూస్తే కొత్తగా అనిపించదు.


నాలుగవ సమాధానం (కె.ఆర్.పురం నుంచి)

నేను చీరాల దగ్గర ఒక పల్లెలో పుట్టాను. మాది అంబేద్కర్ బాటలో బౌద్ధం స్వీకరించిన కుటుంబం. ఈ చర్చలో ఒక మాట ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ భిక్షువు మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఏ గుమ్మాన్నీ వదలకుండా నిలబడతారని మీరు రాశారు. అది యాదృచ్ఛికం కాదు, ఇళ్లను ఏరుకోకుండా వరుసగా వెళ్లడం ఒక వ్రతం. బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడు జబ్బు నుంచి కోలుకున్న మొదటి రోజున దేవతలు తెచ్చిన భిక్షను కాదని, రాజగృహంలో బీద సాలెవాళ్లు ఉండే వీధికి వెళ్లాడు. మరో శిష్యుడు ఆనందుడు బావి దగ్గర మాతంగ కన్యను నీళ్లు అడిగినప్పుడు ఆమె తన కులం చెప్పి వెనక్కి తగ్గగా, తాను కులం అడగలేదని, నీళ్లు అడిగానని అన్నాడు. ఈ కథలు చదువుకున్నవారికి కథలే. మా నాయనమ్మకు మాత్రం అలా కాదు. ఊరిలో ఆవిడ చేతి నీళ్లు ఎవరూ తాగని రోజుల్లో పెరిగింది. ఒక భిక్షువు మా గుడిసె ముందు నిలబడితే, తన చేతి అన్నం ఆయన తింటారా అని మా నాన్నను మూడుసార్లు అడిగి, అప్పుడు పెట్టింది. పెట్టిన తర్వాత చాలాసేపు లోపలికి రాలేదు, గుమ్మంలోనే కూర్చుంది. ఇచ్చే హక్కు అంతవరకూ ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు, ఆవిడ ఎప్పుడూ పుచ్చుకునేదిగానే ఉంది. అందువల్ల భిక్షువుకు పెట్టడం ఆయన కడుపు నింపడం మాత్రమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

అయినా మారతహళ్లి సోదరుడి ప్రశ్నను నేను తోసిపుచ్చను. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' పీఠికలో అంబేద్కర్ గారే అడిగారు, భిక్షువును సృష్టించినది పరిపూర్ణ మానవుణ్ణి తయారు చేయడానికా, ప్రజాసేవకుణ్ణి తయారు చేయడానికా అని. తన ముక్తి తాను చూసుకొనేవాడైతే అతని వల్ల ధమ్మానికి ప్రయోజనం లేదన్నది ఆయన అభిప్రాయం. కాబట్టి అన్నం పెట్టండి, వీలు చూసుకొని మాట్లాడండి, పిల్లలకు ఏదైనా మంచి మాట చెప్పమని అడగండి. జబ్బుపడిన పెద్దాయనను పరిచర్య చేయడానికి ఈ యువకుడు అంత దూరం నుంచి వచ్చాడంటేనే ఆయన పని చేయడం లేదని అనలేము. జబ్బుపడినవారిని సేవించడం తనను సేవించడమేనని బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు.


ప్రశ్న అడిగిన గృహిణి

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ మా మామగారికి చదివి వినిపించాను. కసి భారద్వాజుడు తెచ్చిన పాయసాన్ని బుద్ధుడు తీసుకోలేదన్న చోట ఆపించి, ఆ భాగం మళ్లీ చదవమన్నారు. మారతహళ్లి సోదరుడు చెప్పిన దాంట్లోనూ న్యాయం ఉందని, తాను వచ్చే ఆదివారం వర్తూరు వస్తానని, ఎన్ని కిలోల బియ్యం తేవాలో కనుక్కోమని అన్నారు. భిక్షువుల విషయంలో అవునని గాని కాదని గాని చెప్పలేదు. కాని ఈ ఉదయం నేను అన్నం, పెసరపప్పు, బీరకాయ కూర సిద్ధం చేసుకొని నిలబడి ఉండగా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు, భిక్షువు వచ్చినప్పుడు చెప్పులు విడిచారు. పెద్దాయన కోసం చిన్న డబ్బాలో మెత్తగా వండిన అన్నం విడిగా ఇచ్చాము. 'మీకు ఏది అవసరమైనా మమ్మల్ని అడగండి' అని మా వారు హిందీలో చెప్పారు. భిక్షువు మొదటిసారి తలెత్తి, తల ఊపి, వెళ్లిపోయారు.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. అత్తగారి సంవత్సరీకం రోజునే ఆవిడ పేరు మీద భిక్షువులకు పెట్టాలని అనుకున్నాము. అయితే ఆ రోజు మా ఇంట్లో భోక్తలు తిని లేచే వరకు మరెవరికీ అన్నం పెట్టరు. వడ్డన అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. భిక్షువులు పన్నెండు తర్వాత తినరు. రెండింటినీ ఒకే రోజు నడిపే దారి ఏదైనా ఉన్నదా?


రాజాజీనగర్ నుంచి

ఒకే రోజు పెట్టవద్దమ్మా. మీ ఇంటి ఆచారాన్ని సగం తప్పించి, వారి నియమాన్ని సగం లాగి, ఇద్దరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకు? శ్రాద్ధానికి తిథి తప్పనిసరి. దీనికి తిథి, నక్షత్రం లేవు, సూతకమన్న మాటా లేదు, మధ్యాహ్నం దాటకూడదన్నది ఒక్కటే. సంవత్సరీకం ముగిసిన మరుసటి ఉదయం పెట్టండి. ఇల్లు అప్పటికి తేలికపడుతుంది, మీ మామగారు కూడా స్థిమితంగా కూర్చోగలుగుతారు.

ముందు రోజే వెళ్లి ఇద్దరినీ భోజనానికి పిలవండి. పిలిచేటప్పుడు వంటకాల పేర్లు చెప్పకుండా 'రేపటి భోజనానికి రండి' అని మాత్రం అనండి, అది వారి పద్ధతి. పెద్దాయన మెట్లు దిగలేకపోతే వండినది అక్కడికే పదిన్నరకల్లా చేర్చండి. భోజనం అయిన తర్వాత వారు గాథలు చదువుతారు. అప్పుడు మీ మామగారి చేత ఒక చిన్న చెంబుతో నీళ్లు పళ్లెంలోకి సన్నని ధారగా పోయించండి, అత్తగారి పేరు మనసులో అనుకోమనండి. ఆ నీటిని పారబోయరు, ఇంటికి తెచ్చి ఏదైనా చెట్టు మొదట్లో పోస్తారు. మీ గేటు పక్కన కరివేపాకు చెట్టు ఉందని రాశారు కదా, అక్కడ పోయండి.